తలుపు వేయని దివాలా

మా మోదుగబంజరకు అడవి ఎంత దగ్గరంటే, ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా కోళ్ళు పొద్దున్నే అటు వెళ్ళి కడుపునిండా తిని, తూలుకుంటూ తిరిగొచ్చి, ఎవరి గూడు ఎవరిదో తెలియక పక్కిళ్ళలో పడుకునేవి. తెల్లారితే గుడ్ల దగ్గర తగాదాలు. ఈ మాట నమ్మనివాళ్ళకు నేను అడ్డుపడను. చెంచురామయ్య దివాలా సంగతి మాత్రం నమ్మాలి, ఎందుకంటే అందులో నేను కలిపింది తక్కువ.

చెంచురామయ్యది మా ఊరు కాదు. తిరువూరు అవతల ఎక్కడో పుట్టాడు. అక్కడున్న ఎకరం అమ్ముకుని మా దగ్గర ఆరెకరాలు కొన్నాడు. భూమి కొన్నాడనుకునేరు, కొన్నది మోళ్ళు. వాటి మధ్య అక్కడక్కడ కాస్త మట్టి ఉండేది. అతనూ, భార్య సుశీలమ్మా ఏళ్ళ తరబడి ఆ మోళ్ళు పెకలించారు. సుశీలమ్మ గడ్డపార పట్టుకుని చేలోకి దిగితే మోడు తనంతట తానే లేచి గట్టు మీద కూర్చునేదని మా ఊళ్ళో వాడుక.

మనిషి మంచివాడే, కాకపోతే నిజం చెప్పే జబ్బుంది. మిరపకాయలు అమ్మబోయి, "అడుగున కొంచెం తాలుకాయలున్నాయండీ" అని కొనేవాడికి తానే చెప్పేవాడు. అలాంటివాడు అన్నేళ్ళు అప్పులపాలు కాకుండా ఉండడమే వింత.

ఆ వింత ఎనభై ఏడులో తీరిపోయింది. అందరితోపాటు అతనూ పత్తి వేశాడు. ఆ ఏడు తెల్లదోమ ఎంత ముసిరిందంటే, చేలో మరిచిపోయిన నల్లగొంగడి సాయంత్రానికి తెల్లదుప్పటి అయ్యేది. దోమ పోయాక పచ్చపురుగు వచ్చింది. మందు కొట్టేకొద్దీ అది నునుపుదేలింది. తండా హాతీరాం ఒక పురుగును చూసి దూడ అనుకుని అదిలించాడని చెప్పుకుంటారు. హాతీరాం ఒప్పుకోడు. దూడ కాదు, దున్నపోతు అనుకున్నానంటాడు.

చెంచురామయ్య మందులన్నీ సత్తుపల్లిలో పద్మావతమ్మ కొట్లో అరువు తెచ్చాడు. పద్మావతమ్మ భర్త పోయాక కొట్టు తానే నడుపుతోంది. ఆమె పేరు చెబితే బాకీదారుల ఎద్దులు కూడా లేచి నిలబడేవి. పత్తి ఏరితే కూలికి చాలలేదు. ట్రాక్టరు కిరాయి నిలిచిపోయింది. ఉగాది వెళ్ళాక పద్మావతమ్మ కబురు పంపింది: తొలకరి లోపల తేల్చకపోతే కోర్టులో దావా నేనే వేస్తాను అని.

ఆ కబురు వచ్చిన రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మజ్జిగకు వెళ్ళాను. సుశీలమ్మ తమ్ముడు కూడా తిరువూరు నుంచి వచ్చి ఉన్నాడు.

"రాత్రికి బండి కట్టండి బావా," అన్నాడతను. "సామానేసుకుని మా ఊరొచ్చేయండి. ఆరు నెలలు కనపడకపోతే అప్పులోళ్ళే మర్చిపోతారు."

చెంచురామయ్య భార్య వైపు చూశాడు. ఆమె మజ్జిగ చిలుకుతూనే ఉంది.

"ఆ మోళ్ళు పీకిందెవరు?" అంది తమ్ముడితో. "నా చేతులు చూడు. నీ ఇంటికొచ్చి నీ పెళ్ళానికి పప్పు రుబ్బిపెట్టడానికి పీకానా? ఈ ఊళ్ళో ఎట్లా ఉండాలో చెప్పు, వింటాను. ఎట్లా పోవాలో చెప్పమాకు."

తమ్ముడు మజ్జిగ తాగి బస్సెక్కాడు. చెంచురామయ్య నా వైపు తిరిగాడు.

"బాబాయ్, ఆమె అడిగింది నాక్కావాలి. ఈ ఊళ్ళో తల ఎత్తుకుని ఉండాలి. ఐపీ పెడితే ఉండనిస్తారా?"

మా వైపు దివాలాను ఐపీ అంటారు. కోర్టులో వేసే దివాలా అర్జీకి ఇంగ్లీషులో ఉన్న పేరును మావాళ్ళు రెండక్షరాలకు కుదించుకున్నారు. ఐపీ పెట్టినవాళ్ళ గురించి నాకు బోలెడు కథలు తెలుసు. ఒకాయన ఆస్తి అంతా జప్తు చేస్తూ కోర్టు వేసిన రిసీవరు అతని నీడను కూడా పట్టుకుపోయాడు. అప్పటినుంచి ఆయన నడినెత్తిన సూర్యుడున్నప్పుడే బయటికి వచ్చేవాడు, ఎవరూ గమనించకుండా. ఈ కథ చెప్పబోయి సుశీలమ్మ మొహం చూసి మానుకున్నాను.

"నాకేం ఎరుక అబ్బాయ్," అన్నాను. "ఎరుకున్నోని దగ్గరికి పోదాం పా."

ఖమ్మంలో వెంకటనారాయణ గారనే ప్లీడరు ఉండేవారు. ఆయన ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద చిన్న పుచ్చకాయంత రాయి పెట్టుకునేవారు. చెంచురామయ్య చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమోనని నేను దగ్గాను.

"వింటున్నానయ్యా," అన్నారు. "దివాలా అంటే ఒకటే అనుకుంటారు మీరు. అందులో రకాలున్నాయి."

"అన్నీ చూపెట్టుండ్రి సారూ," అన్నాను. "చూసి మంచిది తీస్కుంటం. చీరెల కొట్ల కూడ గంతే గదా."

ప్లీడరు గారు నవ్వారు. బీరువా తీయలేదు గానీ నిజంగా చీరలు పరిచినట్టే ఒక్కొక్కటి విప్పి చెప్పారు.

"మొదటిది, నువ్వే పెట్టుకునేది. నా వల్ల కావట్లేదు, నాకున్నది ఇదీ, నేను ఇవ్వాల్సింది వీళ్ళకీ అని కోర్టుకు ఒప్పజెబుతావు. కోర్టు ఒక రిసీవరును వేస్తుంది. ఆయన నీ ఆస్తి అమ్మి ఎవరి వంతు వాళ్ళకు పంచుతాడు. ఆ తర్వాత నీ నడత చూసి కోర్టు నిన్ను విడుదల చేస్తుంది. పాత అప్పులు అక్కడితో సరి."

"అన్నీ అమ్ముతారాండీ?" అన్నాడు చెంచురామయ్య.

"అన్నీ కాదు. దున్నుకునే ఎద్దులు, నాగలి, విత్తనం గింజలు, వండుకునే గిన్నెలు, కట్టుకునే బట్టలు, పడుకునే పక్క, మీ ఆవిడ మెళ్ళో తాళి. ఇవి ముట్టుకోరు. భూమి మాత్రం పోతుంది."

"భూమి లేకుండ ఎడ్లు, నాగలి ఏం చేసుకోవాల సారూ?" అన్నాను. "ఎడ్లకు కథలు చెప్పుకుంట కూసోవాల్నా?"

"చట్టం నేను రాయలేదు పెద్దమనిషీ. ఇక రెండో రకం. నువ్వు పెట్టకపోతే నీకు అప్పిచ్చినవాళ్ళే పెడతారు. ఫలానావాడు దివాలా తీశాడని కోర్టుకు చెబుతారు. దానికి వాళ్ళు ఆధారం చూపించాలి. నువ్వు సామాను చాటుగా చుట్టాలకు పంపించినా, ఊరు వదిలి పారిపోయినా, అప్పులవాళ్ళకు దొరకకుండా ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నా, అదే ఆధారం. దాన్నే దివాలా చర్య అంటారు. అట్లా వాళ్ళు లాక్కొచ్చిన కేసులో నీ మాటకు విలువ తక్కువ."

చెంచురామయ్య కుర్చీ అంచుకు జరిగాడు. "తలుపేసుకున్నా తప్పేనాండీ?"

"తప్పించుకోవడానికి వేసుకుంటే తప్పే."

"మూడోది?"

"రాజీ. అందర్నీ కూర్చోబెట్టి, రూపాయికి ఇన్ని అణాలు ఇస్తాను, లేదా ఇన్నేళ్ళలో ఇస్తానని ఒప్పించడం. కోర్టులోకి వెళ్ళాక అయినా చేసుకోవచ్చు, వెళ్ళకముందు మీలో మీరైనా కాగితం రాసుకోవచ్చు. అన్నిట్లోకీ మంచిది అదే. దొరకనిదీ అదే. నీకు అప్పిచ్చినవాళ్ళు నిన్ను నమ్మితే కదా."

"పూర్వం షావుకార్లు పట్టపగలు కొట్టు ముంగట దీపం పెట్టేటోళ్ళంట గద సారూ, దివాల తీస్తే," అన్నాను. "గది ఏ రకంల వస్తది?"

"అది నూనె దండగ రకం," అన్నారు ప్లీడరు గారు. "వేసవి సెలవులయ్యాక రండి. ఈలోపల ఎవరెవరికి ఎంత ఇవ్వాలో అందరి పేర్లూ తీసుకురావాలి. ఒక్కరిని వదలొద్దు, లేనివాణ్ణి ఒక్కణ్ణి చేర్చొద్దు. ఇంకో మాట. ఐపీ పెట్టబోతూ కొత్తగా ఎవరి దగ్గరా అప్పు చేయకు. తీర్చలేనని తెలిసీ తీసుకోవడం మోసం. కోర్టు ఆ మాట మర్చిపోదు."

తిరుగు బస్సులో చెంచురామయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అంత విద్య ఒక్క పూటలో నేర్చుకున్న మనిషి అట్లాగే ఉంటాడు. ఊళ్ళో దిగి, ఇంటికి వెళ్ళి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, కదలకుండా అడుగున రాళ్ళు పెట్టాడు.

ఇక ఆ తలుపు పడలేదు.

"కుక్కలొస్తున్నాయయ్యా," అనేది సుశీలమ్మ.

"రానీ. తలుపేస్తే దివాలా చర్య."

"గాలిదుమారం వస్తోంది."

"దుమారం చట్టంలో లేదు. తలుపుంది."

కోళ్ళు వంటింట్లో గుడ్లు పెట్టాయి. హాతీరాం మేకపిల్ల ఒకటి సుశీలమ్మ చీర కొంగు తిని మూడు రంగుల నెమరు వేసిందని విన్నాను. పొద్దున లేచిన దగ్గరనుంచి చెంచురామయ్య గుమ్మానికి ఎదురుగా మంచం మీద కూర్చునేవాడు, దారిన పోయే ప్రతివాడికీ కనపడేలాగ. పోయేవాళ్ళు ఊరికే పోతారా, లోపలికొచ్చి మంచినీళ్ళు అడిగేవాళ్ళు. అడిగితే అతను అంతా చెప్పేవాడు. ఫలానా రోజు ఐపీ పెడుతున్నాను, మీకు ఇవ్వాల్సింది ఇంత, పేరు రాశాను, మీ తండ్రిగారి పేరు చెప్పండి అని.

అలా చెబితే గొడవ అవుతుందని నేను భయపడ్డాను. గొడవే అయింది గానీ నేననుకున్నది కాదు.

దాని మూలం రెండేళ్ళ కిందటిది. పక్క ఊళ్ళో పొగాకు వ్యాపారి ఒకాయన ఐపీ పెట్టాడు. అతనికి అప్పిచ్చిన వాళ్ళందరికీ కోర్టు నుంచి నోటీసులు వచ్చాయి. ఖమ్మం నుంచి నోటీసులు అందించే కోర్టు అమీనా బస్సు దిగి, టీ హోటలు దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ తండ్రి పేరుతో సహా గట్టిగా చదివి పిలిచాడు. ఊరంతా విన్నది. పోయిన డబ్బు సంగతి ఎవరికీ గుర్తులేదు. కోర్టువాళ్ళు పేరు టైపు కొట్టి పిలిచారన్నదే మిగిలింది. నోటీసు వచ్చిన ఇంటివాడంటే అప్పివ్వగల స్తోమత ఉన్నవాడని లెక్క. కొందరు దానికి అద్దం కట్టించి గోడకు తగిలించారు. నోటీసు రానివాళ్ళు తలవంచుకుని తిరిగారు. డబ్బు పోయినందుకు కాలర్ ఎగరేసిన ఊరు భూమ్మీద అదొక్కటే అనుకునేవాణ్ణి, మా ఊరు సంగతి తెలిసేదాకా.

మా ఊళ్ళో మొదట వచ్చినవాడు వెంకటప్పయ్య. వెంకటప్పయ్య ఎవరికీ పైసా ఇచ్చి ఎరగడు. కానీ సత్తుపల్లి దాకా తన డబ్బు వడ్డీకి తిరుగుతోందని ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు. పాపం, చెప్పీ చెప్పీ తానే నమ్మాడు.

"ఏమయ్యా చెంచురామయ్యా, కోర్టుకు పేర్లు రాస్తున్నవంట. నాది రాసినవా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"మీకు నేనేం ఇవ్వాలండీ?"

"ఏమీ ఇయ్యొద్దు. రాయి చాలు. రెండు వేలని రాయి. మరీ తక్కువ రాస్తే బాగుండదు."

"లేని అప్పు రాస్తే జైలండీ."

"అరె, ఊళ్ళె అందరికి నోటీసొచ్చి నాకొక్కనికి రాకపోతే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?" వెంకటప్పయ్య నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు బావా."

"అతనికి అబద్ధం రాయరాదు," అన్నాను. "నీకు పేరు గావాలె. మరి నిజంగనే ఇయ్యి. అప్పుడు రాయకుంటే నన్నడుగు."

వెంకటప్పయ్యకు చెమట పట్టింది. ముప్పై ఏళ్ళ మాట ఒక పక్క, గాదెలో జొన్నలు ఒక పక్క. అలా నిలబడి నిలబడి ఇంటికి వెళ్ళాడు. సాయంత్రం కాకముందే జొన్నల బస్తా ఒకటి నెత్తిన పెట్టుకుని తానే వచ్చాడు. కూలివాడికి ఇస్తే వాడి పేరు రాస్తారేమోనని అనుమానం.

"నేను తీసుకోకూడదండీ," అన్నాడు చెంచురామయ్య చేతులు అడ్డం పెట్టి. "తీర్చలేనని తెలిసీ తీసుకుంటే మోసం. ప్లీడరు గారు చెప్పారు."

"నిన్ను తీసుకోమన్నదెవరు? తలుపు తీసే ఉన్నది గద," అని వెంకటప్పయ్య బస్తా లోపల దింపి, మా తండ్రి పేరు కోటయ్య, మర్చిపోకు అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఊరికి తెలిసింది. వెంకటప్పయ్యే ఇచ్చాడంటే మిగతావాళ్ళు ఆగుతారా. కొందరు వెంకటప్పయ్యలాగా పేరు కోసం వచ్చారు. కొందరు పేరు కోసమని చెప్పి వచ్చారు గానీ వాళ్ళ మొహాలు వేరే మాట చెప్పాయి. చెంచురామయ్య తాలుకాయల సంగతి తానే చెప్పిన మనిషని వాళ్ళకు గుర్తుంది. ఒకాయన ఎరువు బండి వాకిట్లో పోసి వెళ్ళాడు. హాతీరాం వచ్చి, "నా దగ్గర ఇచ్చేటందుకు గింజలు లెవ్వు, నా ఎడ్ల జోడి వారం దున్నుతది, గదే రాస్కో," అన్నాడు. కోర్టులో ఎద్దుల దుక్కి ఏ గడిలో రాస్తారో ప్లీడరును అడగాలని నేను అనుకున్నాను.

చెంచురామయ్య వచ్చిన ప్రతివాడికీ వద్దని చెప్పాడు. వచ్చిన ప్రతివాడూ గుమ్మం దాటి లోపల పెట్టి వెళ్ళాడు. తలుపేసుకుంటే దివాలా, తీసి పెడితే అప్పు. ఆ ఇంటి మధ్యలో మంచం మీద కూర్చుని అతను తల పట్టుకున్నాడు. సుశీలమ్మ మాత్రం బస్తాల మీద కోళ్ళు ఎక్కకుండా గోనెపట్టాలు కప్పింది. ఆమెకు చట్టం తెలియదు గానీ గింజ విలువ తెలుసు.

తొలకరి పడే ముందు ఇప్పలగుంపు నుంచి బొజ్జయ్య వచ్చాడు. ఇప్పలగుంపు అడవిలో కోయవాళ్ళ పల్లె. బొజ్జయ్య, అతని భార్య కన్నమ్మ ఏటా పత్తి ఏరడానికి చెంచురామయ్య చేలోకి వచ్చేవాళ్ళు. ఆ ఏడు అందరికంటే ముందు వాళ్ళ కూలి ఇచ్చేశాడు చెంచురామయ్య, సుశీలమ్మ ఇత్తడి బిందె అమ్మి. బొజ్జయ్య చేతిలో అడ్డాకులతో కుట్టి, తాడు చుట్టిన మూట ఉంది. పొయ్యి పైన అటక మీద పెట్టినది కాబోలు, పొగకు నల్లబడింది.

"కంది ఇత్తులు, రామన్నా," అని మంచం మీద పెట్టాడు. "పత్తి మల్ల ఎయ్యకు. గిది ఎయ్యి."

చెంచురామయ్య అలవాటుగా కాగితం తీశాడు. "మీ నాన్న పేరు చెప్పు బొజ్జయ్యా."

"ఎందుకు?"

"కోర్టులో రాయాలి. నీకు నోటీసు వస్తుంది."

బొజ్జయ్య మూట వెనక్కి లాక్కున్నాడు. "రాస్తే ఇయ్య."

అప్పటిదాకా పేరు రాయమని వచ్చినవాళ్ళే గానీ వద్దన్నవాడు లేడు. చెంచురామయ్యతోపాటు నేనూ తెల్లబోయాను.

"రాస్తే అప్పయితది," అన్నాడు బొజ్జయ్య. "మా ఇంట్ల ఇత్తనం అప్పియ్యం. మా అయ్య ఇయ్యలే, ఆయన అయ్య ఇయ్యలే. ఇత్తనం ఎయ్యనీకి ఇస్తం. పండితే పిడికెడు ఎక్కువేసి తెచ్చియ్యి. పండకపోతే మల్లొచ్చి తీస్కపో. కోర్టోళ్ళకు ఏమెరుక కంది సంగతి?"

"నేను భూమి అప్పజెప్పబోతున్నాను బొజ్జయ్యా. తీసుకుని ఎక్కడ వెయ్యను?"

"అవ్? భూమి ఇంక నీకాడనే ఉన్నదిగ?"

"ఇప్పటికైతే ఉంది."

"మరి వాన ఇప్పుడే పడ్తది," అన్నాడు బొజ్జయ్య, ఇంకేం చెప్పాలన్నట్టు.

చెంచురామయ్య చాలాసేపు ఆ మూటనే చూశాడు. నాకైతే అక్కడ కూర్చోవడం కష్టమైంది. కథ చెబుదామన్నా నోటికి ఒక్కటీ రాలేదు. నా జీవితంలో అట్లాంటివి రెండో మూడో సందర్భాలు. చివరికి అతను చేతిలో కాగితం మడిచి మంచం కోడు కింద పెట్టాడు. ఆ మంచం ఎప్పటినుంచో ఒక పక్కకు ఊగుతుండేది, అప్పుడు సరిగ్గా కూర్చుంది. తర్వాత రెండు చేతులతో మూట అందుకున్నాడు.

"సుశీలా," అన్నాడు లోపలికి. "నాగలి కర్రు ఎక్కడుంది?"

"తీసుకున్నావా?" అంది ఆమె వంటింట్లోంచే.

"తీసుకున్నాను."

"ఐతే కోర్టు?"

"విత్తనం తీసుకుని కోర్టుకెళ్తే మోసం. ఇంక వెళ్ళను. ఏమైనా ఇక్కడే తేల్చుకుంటాను."

ఆమె కర్రు తెచ్చి గుమ్మంలో పెట్టింది. అది అప్పటికే కాచి సాన పెట్టించి ఉంది. ఎప్పుడు పెట్టించిందో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

అంతా బాగానే ఉంది. పద్మావతమ్మ ఉంది కదా.

మాట ప్రయాణం చేసేకొద్దీ లావెక్కుతుంది. మోదుగబంజరలో చెంచురామయ్య ఇంట్లోకి బస్తాలు వచ్చాయన్న మాట సత్తుపల్లి చేరేసరికి, చెంచురామయ్య ఇంట్లోంచి బస్తాలు పోతున్నాయని అయింది. దివాలా తీసేవాడు సామాను దాటిస్తున్నాడంటే ఎవరు ఊరుకుంటారు. తొలివాన పడిన మూడో నాడు పద్మావతమ్మ కిరాయి జీపులో వచ్చింది. దారంతా బురద. జీపు ఊరి చివర దిగబడింది. ఆమె చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఆ బురదలో నడిచి వస్తుంటే బాకీలున్నవాళ్ళందరూ గబగబా ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకున్నారు. ఊరు ఊరంతా దివాలా చర్య చేసింది. తెరిచి ఉన్న తలుపు ఒక్కటే కనిపించింది.

ఆమె నేరుగా ఇంట్లోకి వచ్చి నిలబడింది. చెంచురామయ్య చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏమయ్యా, సామాను దాటిస్తున్నావట?"

"లేదమ్మా. చూడండి."

ఆమె చూసింది. గోనెపట్టాలు ఎత్తి చూసింది. జొన్నలు, ఎరువు, ఎవరో ఇచ్చిన కొత్త పలుపుతాళ్ళు, పొట్టు బస్తాలు. ఆమె చూస్తుండగానే ఒకావిడ వచ్చి చింతపండు గంప లోపల పెట్టి, తన పేరు, మామగారి పేరు చెప్పి వెళ్ళింది.

"ఇదేమిటి?" అంది పద్మావతమ్మ. "పోవడం లేదు, వస్తోంది."

"అప్పిస్తున్నారమ్మా," అన్నాడు చెంచురామయ్య.

"నువ్వు ఐపీ పెడుతున్నావని వీళ్ళకు తెలియదా?"

"తెలిసే ఇస్తున్నరు తల్లీ," అన్నాను నేను. "నోటీసు గావాలంట."

ఆమె మంచం మీద కూర్చుంది. నోటీసు సంగతి నేను చెప్పాను. అద్దం కట్టించిన సంగతి చెప్పాను. వెంకటప్పయ్య నెత్తిన బస్తా సంగతి చెబితే ఆమె మూతి మీద నవ్వు వచ్చి ఆగింది. ఆ తర్వాత చెంచురామయ్య బొజ్జయ్య విత్తనం సంగతి చెప్పాడు. ఐపీ పెట్టడం మానుకున్నానని చెప్పాడు. మానుకున్నాను గనక మీరు పెడితే నన్ను కాపాడేదేమీ లేదు, భూమి పోతుంది, కానీ ఎకరన్నరలో కంది వేశాను, మొలక రాబోతోంది, అది కూడా చెప్పడం ధర్మం అని చెప్పాడు. జబ్బు అంటే అదీ.

"తలుపెందుకు రాళ్ళు పెట్టి తీసి ఉంచావు?" అని అడిగింది ఆమె.

"తలుపేస్తే మీకు దొరకకుండా దాక్కున్నట్టవుతుందని ప్లీడరు గారు చెప్పారమ్మా."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎండాకాలం అంతా ఇంతే," అంది సుశీలమ్మ, మజ్జిగ గ్లాసు ఇస్తూ. "కుక్కలు, మేకలు, మీరు. అందరూ వస్తున్నారు."

పద్మావతమ్మ మజ్జిగ తాగింది. గ్లాసు కింద పెట్టి లోపల ఏదో లెక్క వేసుకుంది. వ్యాపారం చేసేవాళ్ళు లెక్క వేసేటప్పుడు పెదవులు కదలవు, బొటనవేలు కదులుతుంది.

"చూడవయ్యా," అంది. "కోర్టుకెళ్తే రిసీవరు పోను, ప్లీడరు పోను, వీళ్ళందరి వంతులు పోను నాకు పావలా వస్తుంది. అదీ ఎన్నేళ్ళకో. ఈ ఏడు మందు పనిచెయ్యలేదని నా కొట్టు ముందు అరవని రైతు లేడు. అరిచినవాడు ఒక్కడూ బాకీ తీర్చలేదు. నువ్వు అరవలేదు. ఎందుకని?"

"మీరేమన్నా తయారు చేశారా అమ్మా మందు?"

ఆమె గ్లాసు పక్కకు జరిపింది.

"మూడు పంటల్లో ఇయ్యి. అసలు ఇయ్యి, వడ్డీ వదిలేస్తున్నాను. కాగితం రాసుకుందాం, ఈ ముసలాయన సాక్షి. ఒక పంట తప్పితే మాత్రం జీపు మళ్ళీ వస్తుంది."

"తప్పకుండా ఇస్తానమ్మా."

"కందికి పురుగొస్తే మందు మాత్రం అప్పియ్యను. రొక్కమే."

"అట్లాగేనమ్మా."

నేను వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. మా ఊరి బళ్ళో చదివినదానికి అప్పుడు పని పడింది. ప్లీడరు గారు చెప్పిన మూడో రకం, అన్నిట్లోకీ దొరకనిది, మా చెంచురామయ్య మంచం మీద మజ్జిగ గ్లాసు పక్కన దొరికింది. పద్మావతమ్మ ఒప్పుకుందని తెలిశాక ట్రాక్టరు వాడూ ఒప్పుకున్నాడు. ఆమెను కాదని నడిచే ధైర్యం వాడికెక్కడిది. జీపును హాతీరాం ఎద్దులు బురదలోంచి లాగాయి. ఆ దుక్కి కూడా చెంచురామయ్య పద్దులో రాసుకోమన్నాడు హాతీరాం.

కంది ఎట్లా పండిందో నేను చెబితే మీరు నమ్మరు. ఎత్తు సంగతి చెప్పను. నిచ్చెన వేసుకుని కోశారని మాత్రం చెబుతాను. బొజ్జయ్యకు మూటకు మూటా ఇచ్చి, పైన పిడికెడు వేయబోతే, చెంచురామయ్య పిడికిలి పెద్దదని, కన్నమ్మ తన పిడికిలితో కొలిచి తీసుకుంది. మిగతాది మళ్ళీ అతని చేతిలోనే పోసింది. మరుసటి ఏడు మిరప వేశాడు. ఆ తర్వాతి ఏడు పద్మావతమ్మ బాకీ చివరి రూపాయి దాకా తీరింది. ఆమె కాగితం చింపి ముక్కలు అతని చేతిలో పెట్టి, చెత్త నీ ఊరికే తీసుకుపో, నా కొట్టు శుభ్రంగా ఉంది అందట.

ఊళ్ళోవాళ్ళ బాకీలు తీర్చడమే కష్టమైంది. జొన్నల బస్తా నెత్తిన పెట్టుకుని వెంకటప్పయ్య ఇంటికి వెళితే, ఆయన అరుగు దిగి అడ్డం నిలబడ్డాడు.

"నాకొద్దు," అన్నాడు. "ఉంచుకో."

"తీసుకోండి. మీ బాకీ తీరాలి కదా."

"తీరితే ఎట్ల? ఎప్పటికన్న నువ్వు ఐపీ పెడితే నా పేరుండొద్దా? ముప్పై ఏండ్లకు ఒక్కనికి అప్పిచ్చిన. ఉండనీ."

చెంచురామయ్య బస్తాతో తిరిగి వచ్చాడు. ఇప్పటికీ ఆ బస్తా బాకీ అట్లాగే ఉంది. ఏటా గింజలు మారుస్తారు, బాకీ మారదు. నాలుగేళ్ళకు ఖమ్మం బజారులో ప్లీడరు వెంకటనారాయణ గారు కనిపించి, "మీవాడు మళ్ళీ రాలేదేమయ్యా" అని అడిగారు. "పేర్లు ఇంక పూర్తి కాలేదు సారూ," అన్నాను. ఆయన అనుమానంగా చూసి నవ్వి వెళ్ళిపోయారు.

పద్మావతమ్మ బాకీ తీరిన రోజు చెంచురామయ్య సత్తుపల్లి నుంచి వచ్చేసరికి సుశీలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంక తలుపెయ్యొచ్చా?" అంది.

"వెయ్యి."

ఆమె రాళ్ళు తీసింది. అతను ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టి లాగాం. కదల్లేదు. అన్నేళ్ళు గోడకు ఆనించి ఉండేసరికి సొరపాదు రెండు రెక్కల మీదుగా పాకి, పైన దూలం పట్టుకుని, ఇంటి కప్పు ఎక్కింది. గొళ్ళేనికి సొరకాయ ఒకటి వేలాడుతోంది, ముదరబోతోంది.

"కత్తి తెమ్మంటావా?" అన్నాడు చెంచురామయ్య.

సుశీలమ్మ కాయను చేత్తో ఎత్తి బరువు చూసింది.

"తలుపుకు తొందరేముంది," అంది. "కాయ తెంపు. బాబాయ్ గారికి ఇవ్వాళ ఇక్కడే భోజనం."